శాన్ డియేగో రేవులో పాత తెరచాప ఓడలు: శీతకాలంలో వెళ్లి చూసే పద్ధతి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రుల్లో చాలామంది వరికోతలు, నూర్పులు అయ్యాకే బయలుదేరుతారు కాబట్టి, వారు అక్కడ గడిపే నెలలు ఎక్కువగా చలి నెలలే అవుతాయి. న్యూజెర్సీలోనో చికాగోలోనో ఉన్నవారికి ఆ రోజులు కిటికీ అద్దాల వెనకే గడిచిపోతాయి. శాన్ డియేగోలో పిల్లలున్నవారి సంగతి వేరు. క్వాల్‌కామ్ వంటి కంపెనీల వల్ల ఆ ఊళ్లో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు, శీతకాలంలో సైతం పగటిపూట బయట తిరగగలిగిన వాతావరణమూ ఉంది. ఆ నగరం నడిబొడ్డున, రేవు గట్టుకు ఆనుకుని, మారిటైమ్ మ్యూజియం వారి పాత ఓడల వరుస ఒకటుంది. జూ, డిస్నీలాండ్, కాసినోల జాబితాలో దీని పేరు అడుగున ఉంటుంది, లేదా అసలే ఉండదు. మన ప్రాంతం వారు దీన్ని పైకి తెచ్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. దానికి కారణం చెప్పి, ఆ ఓడలను ఎలా చూడాలో వివరిస్తాను.

ముందుగా ఒక సలహా. ఒకే టికెట్టుతో అక్కడున్న ఓడలన్నీ ఎక్కవచ్చు కదా అని అన్నీ ఎక్కి దిగేవారికి సాయంత్రానికి మోకాళ్ల నొప్పి తప్ప ఏమీ మిగలదు. ఉన్న సమయంలో సగం ఒక్క ఓడకే కేటాయించండి. ఆ ఓడ పేరు స్టార్ ఆఫ్ ఇండియా.

ఈ ఓడే ఎందుకు

ఇంగ్లాండు, ఐర్లండుల మధ్యనున్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో, రామ్సీ అనే ఊళ్లో, 1863 నవంబరు 14న ఈ ఓడను నీటిలోకి దించారు. అప్పటి పేరు యూటర్పీ. అది గ్రీకుల సంగీతదేవత పేరు. కర్ర ఓడలే ఎక్కువగా తిరుగుతున్న ఆ కాలంలో దీన్ని ఇనుప రేకులతో కట్టారు. కట్టించినవారు లివర్‌పూల్ వర్తకులు. వారి దృష్టి కలకత్తా వ్యాపారం మీద, ముఖ్యంగా జనపనార మీద ఉండేది. బెంగాల్‌లో పండిన నార ఓడల్లో బ్రిటన్‌కు చేరేది, స్కాట్లాండులోని డండీ వంటి మిల్లు పట్టణాల్లో గోనెగుడ్డ అయ్యేది. గోగు పంటను చెరువుల్లో ఊరవేసి, నార ఒలిచి, నెల్లిమర్ల, బొబ్బిలి మిల్లుల సైరన్ల లెక్కన బతికిన మనుషులున్న ప్రాంతం మనది. గోనెసంచి వెనుక ఎంత చాకిరీ ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ నారను సముద్రాల మీదుగా మోసుకుపోవడానికి పుట్టిన ఓడల్లో నేటికీ నీటి మీద నిలిచినవి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే, వాటిలో ఇది ఒకటి.

రెండో కారణం మన సముద్రం. ఈ ఓడ మొదటి ప్రయాణమే అపశకునంతో మొదలైంది. 1864లో కలకత్తాకు బయలుదేరి, వేల్స్ తీరం దాటకముందే మరో ఓడను ఢీకొంది. దెబ్బతిన్న ఓడలో ముందుకు పోయేది లేదని కళాసీలు మొండికేశారు, అందుకు వారిని జైలుకు పంపారు. మరుసటి సంవత్సరం, 1865లో, బంగాళాఖాతంలో మద్రాసుకు ఎదురుగా ఉండగా పెనుగాలి పట్టుకుంది. ఓడను దక్కించుకోవడానికి కళాసీలు దాని స్తంభాలను తామే నరికివేయవలసి వచ్చింది. అలా మోడై శ్రీలంకలోని ట్రింకోమలీ రేవుకు, అక్కడి నుంచి మరమ్మతుకు కలకత్తాకు ఈడ్చుకుంటూ చేరింది. తిరుగు ప్రయాణంలో కెప్టెన్ విలియం స్టోరీ చనిపోయాడు, ఆయన దేహాన్ని సముద్రంలోనే వదిలారు. 2014లో హుద్‌హుద్‌ను, 2018లో తిత్లీని చూసిన మనకు ఆ గాలి ఎలాంటిదో తెలుసు. స్తంభాలను నరికే పని పిచ్చిపనిగా తోచవచ్చు కానీ, దానికొక లెక్క ఉంది. నూరడుగులకు పైబడిన స్తంభాలు, వాటికి అడ్డంగా వేలాడే బరువైన అడ్డకొయ్యలు గాలికి ఒక పక్కకు వాలితే, ఆ పైబరువు ఓడను తిరిగి నిటారుగా లేవనివ్వదు. తెరచాపలు చుట్టేసినా ఆ కొయ్యలకూ తాళ్లకూ తగిలే గాలి చాలు, ఓడను పడుకోబెట్టడానికి. అందుకే పైబరువును సముద్రానికి వదిలేసి ప్రాణాలు నిలుపుకుంటారు.

ఆ తరువాతి కథ పొడవైనది, క్లుప్తంగా చెబుతాను. 1871లో చేతులు మారి, పాతికేళ్లపాటు బ్రిటన్ నుంచి న్యూజిలాండుకు వలస కుటుంబాలను చేరవేసింది. ఆ కాలంలో 21 సార్లు భూమిని చుట్టివచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలాస్కాలో సాల్మన్ చేపలను డబ్బాల్లో నింపే సంస్థ దీన్ని కొన్నది. 1906లో స్టార్ ఆఫ్ ఇండియా అని పేరు మార్చింది ఆ సంస్థే. 1923 దాకా చేపల వ్యాపారంలో తిరిగింది. 1926లో శాన్ డియేగో జంతు ప్రదర్శనశాల వారు కొన్నారు గానీ, మాంద్యమూ యుద్ధమూ వచ్చిపడడంతో దశాబ్దాలపాటు గట్టున కట్టేసి తుప్పుపట్టనిచ్చారు. 1957లో అలన్ విలియర్స్ అనే నావికుడు ఉపన్యాసం ఇవ్వడానికి ఆ ఊరు వచ్చి, దాని దుస్థితి చూసి గట్టిగా మందలించాక ఊరికి కదలిక వచ్చింది. 1976లో తెరచాపలెత్తి మళ్లీ సముద్రంలోకి వెళ్లింది. 2023లో, 160 ఏళ్లు నిండిన సందర్భంలోనూ వెళ్లింది. అంటే ఇది నేటికీ గాలితో నడవగల ఓడ.

బయలుదేరే ముందు ఇక్కడ చేయవలసిన పని

ఓడను చూడడానికి కన్ను అలవాటు కావాలి, ఆ అలవాటు ఇక్కడే చేసుకోవచ్చు. ప్రయాణానికి ముందు ఒక పూట భీమిలికో కళింగపట్నానికో వెళ్లి రండి. 1890లలో రైలుమార్గం పడేదాకా, ఆ తరువాత 1933లో విశాఖ హార్బరు తెరుచుకునేదాకా, ఇవి పేరున్న రేవులు. రేవు అనగానే మన ఊహకు వచ్చే గట్టు ఇక్కడ ఏనాడూ లేదు. పెద్ద ఓడలు లోతునీటిలో దూరంగా లంగరు వేసి ఆగేవి. సరుకునూ మనుషులనూ కెరటాల మీదుగా మసూలా పడవల్లో చేరవేసేవారు. ఆ పడవ పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరితాళ్లతో కుట్టేవారు. కెరటం ఎత్తి ఇసుక మీద విసిరినా పలకలు కొంచెం వంగి ఊరుకునేవి, మేకులు కొట్టిన పడవ అయితే పగిలిపోయేది. వంశధార సముద్రంలో కలిసే చోట నిలబడి, దీపస్తంభం పక్క నుంచి తూర్పుకు చూస్తే, అంత దూరాన ఆగిన ఓడకు ఒక్కో మూట చేర్చడానికి ఎంత శ్రమపడ్డారో అర్థమవుతుంది. శాన్ డియేగోలో ఓడ గట్టుకు ఆనుకుని, చెయ్యి చాచితే అందేటట్టు నిలబడి ఉండడం ఎంతటి సౌకర్యమో అప్పుడే తెలుస్తుంది.

అలాగే కోనాడ వంటి ఊళ్లో తీరాన ఫైబరు పడవలు లాగి ఉన్నచోట ఆగి, మోకును గుంజకు ఎలా చుడుతున్నారో, ఏ ముడి వేస్తున్నారో, దాన్ని ఎంత తేలికగా విప్పుతున్నారో చూడండి. మోటార్లు వచ్చాక తెరచాప కనబడడం అరుదైంది గానీ తాడు పని మాత్రం పోలేదు. వేటకు వెళ్లే పెద్దాయన ఎవరైనా తీరిగ్గా కూర్చుని ఉంటే, గాలి ఎదురైనప్పుడు పూర్వం తెరచాపను ఎలా మళ్లించేవారని అడగండి. ఆయన చేతులు తిప్పి చూపించేది ఓడ మీద చాలా ఉపయోగపడుతుంది. ఇంట్లో మనవలు ఉంటే వారిని కూడా వెంట తీసుకెళ్లండి, అక్కడి మనవలకు కబుర్లు వీడియోలో వారే చెబుతారు.

ఏ రోజు, ఏ వేళ

శాన్ డియేగో శీతకాలపు పగటి ఉష్ణోగ్రత 18, 19 డిగ్రీల దగ్గర ఉంటుంది. రాత్రికి 9, 10కి దిగుతుంది. అంకెలు చూసి ఇదేం చలి అనుకోకండి. గట్టు మీద నీటి గాలి విడవకుండా తగులుతుంది, ఓడ డెక్కు మీద చాటు ఉండదు. ఇంకొక సంగతి: మన దగ్గర వానలు వేసవి తరువాత మొదలైతే, అక్కడ ఏడాది మొత్తం మీద పడే కొద్దిపాటి వానలో ఎక్కువ భాగం డిసెంబరు, మార్చి నెలల మధ్యనే పడుతుంది. తడిసిన చెక్క డెక్కు జారుతుంది. కాబట్టి వాన కురిసిన రోజు మానుకుని, వెలిసిన మరునాడు వెళ్లండి. వాన కడిగిన గాలిలో ఎదురుగా ఉన్న కొరొనాడో తీరం, పాయింట్ లోమా కొండ స్పష్టంగా కనిపిస్తాయి.

ప్రయాణ బడలిక తీరకుండా వెళ్లవద్దు. శీతకాలంలో శాన్ డియేగో గడియారం మనకంటే 13 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. అక్కడ ఉదయం 10 గంటలంటే విజయనగరంలో రాత్రి 11:30. మొదటి వారంలో ఆ వేళకు ఒళ్లు నిద్ర అడుగుతుంది, మెట్లు ఎక్కే పనికి అది ప్రమాదం. వారం గడిచాక ఉదయం మ్యూజియం తెరిచే వేళకే చేరుకునేటట్టు చూసుకోండి.

ఉదయమే ఎందుకనే దానికి మరో రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది వెలుతురు. గట్టుకు పడమటి వైపున నీరు, నీటిలో ఓడలు ఉంటాయి. పొద్దుటిపూట సూర్యుడు మీ వెనకనుంచి, ఆగ్నేయ దిక్కునుంచి ఓడల మీద పడతాడు. మధ్యాహ్నం దాటితే సూర్యుడు ఓడల వెనక్కి పోయి, ఫొటోల్లో నల్లటి ఆకారాలు మాత్రమే వస్తాయి. డిసెంబరు చివర అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 34 డిగ్రీల ఎత్తును మించి ఎక్కడు, అందుచేత తాళ్ల నీడలు రోజంతా డెక్కు మీద పొడవుగా పరుచుకుని ఉంటాయి. ఏ తాడు ఎక్కడికి పోతుందో పైకి చూసి మెడ నొప్పి తెచ్చుకునే బదులు నీడను పట్టుకుని పోవచ్చు. సాయంత్రం పావు తక్కువ అయిదుకే పొద్దు గూకుతుంది, వేసవిలో లాగా ఏడింటిదాకా తిరుగుదామనుకుంటే కుదరదు.

రెండోది ఆటుపోట్లు. గట్టు నుంచి ఓడకు వేసిన వంతెన వాలు నీటి మట్టంతో పాటు మారుతూ ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో అమావాస్య, పౌర్ణమి ముందువెనుక రోజుల్లో ఆ తీరాన ఏడాదిలోకెల్లా పెద్ద పోట్లు వస్తాయి. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి మిగతా నెలల కంటే దగ్గరగా ఉండడం అందుకు ఒక కారణం. ఆ రోజుల్లో పొద్దుటిపూట నీరు బాగా ఎక్కి, మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు బాగా దిగిపోతుంది. ఆ తేడా రెండు మీటర్లు దాటుతుంది. ఉదయం సాఫీగా దిగిన వంతెన సాయంత్రం నిట్రంగా ఎక్కవలసిన మెట్ట అవుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారు ఇంట్లో పంచాంగం చూసుకుని, అమావాస్య పౌర్ణములకు ఎడంగా ఉన్న రోజు ఎంచుకోవడం మేలు. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. ఆ పంచాంగం చూపేదీ, వారు ఫోనులో చూసే ఆటుపోట్ల పట్టిక ఆధారపడేదీ ఒకే చంద్రుడి మీద.

క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా పిల్లలకు సెలవులే గానీ ఆ వారం జనం ఎక్కువ. పైగా పండుగ రోజుల్లో వేళలు మారతాయి, ఓడలు కూడా ఒక్కొక్కప్పుడు మరమ్మతుకు వెళ్తాయి. ముందురోజు మ్యూజియం వెబ్‌సైట్ చూడడం తప్పనిసరి. డిసెంబరులో రెండు ఆదివారాలు ఓడలున్న శాన్ డియేగో ఖాతంలో దీపాలు అలంకరించిన పడవల ఊరేగింపు జరుగుతుంది. దాన్ని చూడాలంటే మరో రోజు రాత్రి విడిగా రండి, ఒకే రోజులో రెండూ పెట్టుకోవద్దు.

వెళ్లడం, వేసుకోవడం

పిల్లలు ఆఫీసుకు పోయే వారంరోజుల్లో ఒకటి ఎంచుకుని ట్రాలీలో, అంటే ఆ ఊరి విద్యుత్ రైల్లో, వెళ్లడమే హాయి. నీలం లైను 2021 నుంచి నగరానికి ఉత్తరాన ఉన్న యూటీసీ ప్రాంతం దాకా నడుస్తోంది. కౌంటీ సెంటర్, లిటిల్ ఇటలీ పేరుతో ఉన్న స్టేషన్‌లో దిగి పడమటికి నడిస్తే కొద్ది నిమిషాల్లో నీటి ఒడ్డున ఉంటారు. అక్కడి నుంచి స్తంభాలే దారి చూపిస్తాయి. కారులో వస్తే పార్కింగుకు డబ్బు కట్టాలి, గడువు కోసం గడియారం చూసుకుంటూ ఉండాలి. పక్కనే బి స్ట్రీట్ పియర్ దగ్గర పర్యాటకుల విహార నౌకలు ఆగుతాయి, శీతకాలం వాటి రాకపోకల కాలం. అలాంటి నౌక కట్టి ఉన్న రోజున గట్టు కిటకిటలాడుతుంది గానీ, పది అంతస్తుల ఆ తెల్లటి నౌక పక్కన స్టార్ ఆఫ్ ఇండియాను చూడడంలోనూ ఒక విశేషం ఉంది.

రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. ఓడలోపలి మెట్లు నిచ్చెనల్లా నిటారుగా ఉంటాయి. చీరతో దిగడం కష్టం, కుర్తా ప్యాంటు మేలు. శాలువా గాలికి ఎగిరి తాళ్లకూ కొక్కేలకూ తగులుకుంటుంది, స్వెట్టరు మీద గాలి ఆపే పలచటి కోటు వేసుకుంటే సరిపోతుంది. మంకీ క్యాప్ పెట్టుకోవడానికి మొహమాటపడనక్కరలేదు, కళాసీలు పెట్టుకున్నదీ దాదాపు అలాంటిదే. పులిహోర పొట్లం తెచ్చుకుంటే ఓడల మీద కాకుండా గట్టు వెంబడి ఉన్న బెంచీల మీద విప్పండి. సీగల్ పక్షులతో జాగ్రత్త, చేతిలోది లాక్కుపోతాయి.

ఓడను చూసే వరుస

టికెట్టు తీసుకోకముందే గట్టు మీద నిలబడి ఓడను ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకసారి చూడండి. మూడు స్తంభాలు కనిపిస్తాయి. ముందు రెండింటికీ అడ్డకొయ్యలు మెట్లమెట్లుగా ఉంటాయి, వెనకదానికి ఉండవు. ఓడ పుట్టినప్పుడు మూడింటికీ ఉండేవి. అలాస్కా సంస్థ కొన్నాక వెనక స్తంభం నుంచి వాటిని తీసేశారు. ఇది ఖర్చుకు సంబంధించిన మార్పు. అడ్డకొయ్యలకు కట్టే చదరపు తెరచాపలను చుట్టాలన్నా విప్పాలన్నా మనుషులు పైకి ఎక్కాలి. ఓడ పొడవునా సాగే తెరచాపను మాత్రం డెక్కు మీద నిలబడే లాగవచ్చు. ఒక స్తంభానికి పైకి ఎక్కే పని తప్పితే అంతమంది కళాసీల జీతం మిగులుతుంది. ఓడ ముక్కు కింద ఉన్న స్త్రీ విగ్రహం యూటర్పీ దేవతది. పేరు మారినా ఆమెను అలాగే ఉంచారు. అన్నట్టు, పరిచిన తెరచాపలను చూస్తామన్న ఆశ పెట్టుకోకండి. గట్టున కట్టిన ఓడకు గాలిలో తెరచాప విప్పితే కట్ల మీద భారం పడుతుంది. అవి పూర్తిగా విచ్చుకునేది ఎక్కువగా సముద్రంలోకి వెళ్లే రోజునే, ఆ రోజు వచ్చే సంవత్సరాల్లో అది సాధారణంగా నవంబరులో ఉంటుంది.

ఎక్కగానే లోపలికి దిగిపోకుండా, ఓడ అంచు గోడ దగ్గరకు వెళ్లండి. అక్కడ నడుమెత్తున పొడవాటి చెక్క పట్టీ ఒకటి ఉంటుంది. దానికి వరుసగా రంధ్రాలు, ప్రతి రంధ్రంలో నిలువుగా దిగిన ఒక గూటం, ప్రతి గూటానికి ఎనిమిది అంకె ఆకారంలో చుట్టిన తాడు. మిగిలిన తాడు చుట్టగా పైన వేలాడుతుంది. గమనించవలసింది ఇక్కడే. ముడి అనేది ఎక్కడా లేదు. కంగారు వచ్చినప్పుడు గూటాన్ని పైకి లాగితే చాలు, చుట్లన్నీ ఒక్కసారి జారి తాడు విడిపోతుంది. ఒక ఓడలో ఇలాంటి తాళ్లు నూటికి పైనే ఉంటాయి, ఏ తాడు ఏ గూటానికి చెందుతుందో మారదు. చీకటి రాత్రి వానలో చేతితో తడిమి పట్టుకోవలసిన కళాసీకి ఆ స్థానాలు గుణింతంలా నోటికి రావాలి. ఒక తాడును ఎంచుకుని, గూటం నుంచి మొదలుపెట్టి, గిలకల గుండా, స్తంభం పక్కగా, అడ్డకొయ్య కొసదాకా కళ్లతో వెంబడించండి. మూడు తాళ్లను అలా పూర్తిగా వెంబడించినవారికి మిగతా తాళ్ల గందరగోళం దానంతట అదే విడిపోతుంది. ఏ గూటాన్నీ లాగవద్దని వేరుగా చెప్పనక్కరలేదనుకుంటాను.

తాళ్లలో రెండు జాతులు ఉన్నాయని కూడా అప్పుడే తెలుస్తుంది. స్తంభాలను నిలబెట్టి ఉంచే తాళ్లు ఎప్పుడూ కదలవు, తుప్పు, తేమ తగలకుండా పూసిన పూత వల్ల నల్లగా ఉంటాయి. తెరచాపలను, అడ్డకొయ్యలను కదిలించేవి లేత రంగులో ఉండి గూటాల దగ్గరకు వస్తాయి. నల్లతాళ్ల మధ్య అడ్డంగా కట్టిన మెట్ల మీదుగానే పైకి ఎక్కేవారు. కిందినుంచి చూసి, 1865లో ఊగుతున్న ఓడ మీద గొడ్డళ్లతో ఈ తాళ్లను తెంచిన మనుషులను ఊహించుకోండి. స్తంభం ఒక్కటే నరికితే చాలదు. పడిన స్తంభం తాళ్లకు వేలాడుతూ ఓడ పక్కగోడను గుద్దుతూ ఉంటుంది కాబట్టి, దాన్ని పట్టుకున్న తాళ్లను కూడా తెంచి వదిలించుకోవాలి.

తరువాత వెనక కొసకు, చుక్కాని చక్రం దగ్గరకు నడవండి. అక్కడ ఉన్న గదుల్లో కెప్టెన్‌కు, డబ్బున్న ప్రయాణికులకు ఏర్పాట్లు ఎలా ఉండేవో చూసి, పాలిష్ చేసిన చెక్క తలుపులను గుర్తుపెట్టుకుని, ఆ వెంటనే మధ్య అంతస్తుకు దిగండి. ఈ వరుస ముఖ్యం. వలస కుటుంబాలు న్యూజిలాండు దాకా ప్రయాణం చేసింది కింద. త్వరగా చేరిన ప్రయాణానికి 100 రోజులు, ఆలస్యమైనదానికి 143 రోజులు పట్టింది. మన లెక్కలో దసరాకు ఎక్కి శివరాత్రికి దిగడం అన్నమాట. అంతకాలం వంట, స్నానం, పురుడు, జబ్బు అన్నీ ఆ పైకప్పు కిందే జరిగాయి. పైగదిని చూసి వెంటనే కిందికి వస్తేనే ఆ తేడా ఒంటికి తెలుస్తుంది.

అడుగున ఉన్న సరుకుల అర దగ్గర తొందరపడవద్దు. ఎండలోంచి దిగిన కంటికి కొన్ని నిమిషాలు ఏమీ ఆనదు, కూర్చునే చోటుంటే కూర్చోండి. చూపు కుదిరాక పక్కగోడను దగ్గరగా చూడండి. ఇనుప రేకులు ఒకదాని అంచు మీద మరొకటి ఎక్కి ఉంటాయి, వాటిని కలిపేవి రివెట్లు. ఆ కాలానికి వెల్డింగు లేదు. ఎర్రగా కాల్చిన రివెట్టును రంధ్రంలో దూర్చి, ఒకరు లోపల అదిమిపట్టగా మరొకరు బయట సుత్తితో కొట్టి తల చదును చేసేవారు. రంగుపొరల కింద వరుసలు వరుసలుగా కనిపించే ఆ బొడిపెల్లో ప్రతి ఒక్కటీ చేతిపని. అది పోత ఉక్కు కాకుండా సుత్తెపోటు తిన్న మెత్తని ఇనుము కావడం వల్లే ఉప్పునీటిలో ఇన్నేళ్లు నిలిచిందని ఓడల పని తెలిసినవారు చెబుతారు. ఈ అర నిండా నారబేళ్లు దట్టించి, మధ్యలో గాలి చొరకుండా బిగించి, ఆఫ్రికా దక్షిణ కొసనున్న గుడ్‌హోప్ అగ్రం చుట్టూ తిరిగి పోయేవారు. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకున్నాక ఆవిరి ఓడలు దగ్గరదారిన నారను పట్టుకుపోవడం మొదలుపెట్టాయి. గాలి మీద ఆధారపడ్డ ఓడకు ఆ ఇరుకు దారి పనికిరాలేదు. రెండేళ్లలో ఈ ఓడ చేతులు మారి న్యూజిలాండు దారి పట్టడాన్ని ఆ నేపథ్యంలో చూడాలి.

మిగతావి

ఇక మిగిలిన సగం సమయంలో ముందు బర్క్‌లీ ఎక్కండి. 1898లో శాన్ ఫ్రాన్సిస్కో ఖాతం దాటించడానికి కట్టిన ఆవిరి బల్లకట్టు ఇది. 1906 భూకంపం నాడు మంటల్లోంచి పారిపోయి వచ్చిన జనాన్ని అవతలి ఒడ్డుకు చేర్చింది. రంగుటద్దాలు, చెక్క బెంచీలు, కప్పున్న హాలు ఉన్నాయి కాబట్టి చలిగాలి నుంచి సేదతీరడానికి, మరుగుదొడ్డికి ఇదే అనువైన చోటు. ఎక్కువ నడవలేని పెద్దవారిని ఇక్కడ కూర్చోబెట్టి మిగతావారు తిరిగిరావచ్చు.

శాన్ సాల్వడార్, సర్‌ప్రైజ్ అనే రెండూ పాతవి కావు, పాతవాటి నమూనాలు. 1542లో కాబ్రియో అనే నావికుడు ఈ ఖాతంలోకి వచ్చిన ఓడను అనుకరించి మ్యూజియం వారే శాన్ సాల్వడార్‌ను కట్టి 2015లో నీటిలోకి దించారు. విజయనగరం కోటకు పునాది పడిన 1713 కంటే ఆ రాక 171 ఏళ్లు ముందుది. అంత చిన్న ఓడలో ఎవరూ ఎరుగని తీరానికి వచ్చారన్నదే అక్కడ చూడవలసింది. సర్‌ప్రైజ్‌ను 1970లో కెనడాలో కట్టారు. దానికి మాతృక అయిన రోజ్ అనే యుద్ధనౌక 1757లో, అంటే బొబ్బిలి యుద్ధం జరిగిన సంవత్సరంలోనే, నీటిలోకి దిగింది. ఫిరంగుల అంతస్తులో తల వంచుకుని నడవాలి, లేకపోతే దూలం తగులుతుంది. పొడవైనవారు మరీ జాగ్రత్త. కాలిఫోర్నియన్ అనే రెండు స్తంభాల ఓడ 1984 నాటిది. అది గట్టున ఉంటే చూడండి, లేకపోతే విచారించనక్కరలేదు, సముద్రంలో తిరగడమే దాని పని.

డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా బూడిదరంగు తిమింగలాలు ఆర్కిటిక్ నుంచి మెక్సికో తీరపు ఉప్పునీటి మడుగుల్లో ఈనడానికి ఈ తీరం వెంబడే పోతాయి. వాటిని చూపించడానికి తెరచాప ఓడల్లో యాత్రలు నడిపే సీజన్ కూడా ఇదే. డబ్బు, ఓపిక ఉంటే అది మంచి అనుభవమే గానీ, ఖాతం దాటగానే ఓడ ఊగుతుంది. బస్సులో వాంతులయ్యేవారు ఆ ఆలోచన మానుకుని, ఖాతంలోపలే తిరిగే చిన్న విహారం ఎంచుకోవాలి.

పిల్లలు న్యూజెర్సీలో ఉంటే

నారకోసం పుట్టిన మరో ఓడ న్యూయార్క్‌లోనూ ఉంది. మాన్‌హాటన్ దక్షిణ కొసన, సౌత్ స్ట్రీట్ సీపోర్ట్ దగ్గర, పియర్ 16కు కట్టి ఉన్న వేవర్‌ట్రీ అది. 1885లో ఇంగ్లాండులోని సౌతాంప్టన్‌లో కట్టారు. తొలి రోజుల్లో తూర్పు భారతం నుంచి స్కాట్లాండుకు జనపనార మోసింది. 1910లో దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ దగ్గర తుపానులో స్తంభాలు పోగొట్టుకుని, చిలీలో గిడ్డంగిగా, ఆ తరువాత అర్జెంటీనాలో ఇసుక మోసే పడవగా బతికి, 1970లో న్యూయార్క్ చేరింది. న్యూజెర్సీ నుంచి మాన్‌హాటన్‌కు నడిచే పాత్ (PATH) రైల్లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ దిగి తూర్పుకు నడిస్తే పావుగంట.

అక్కడి శీతకాలం మాత్రం వేరు. జనవరిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గర తిరుగుతుంది, ఈస్ట్ రివర్ మీది గాలి మొహం మీద కోస్తుంది, డెక్కు మీద మంచు గట్టిపడిన రోజున లోపలికి రానివ్వరు. కాబట్టి ఎక్కే వీలుందో లేదో ముందే వాకబు చేయండి. వీలు లేకపోయినా ఓడ పొడవునంతా గట్టు మీదినుంచే చూడవచ్చు, అందుకు టికెట్టు అక్కరలేదు. ఇనుప రేకుల అంచులు, రివెట్ల వరుసలు, మూడు స్తంభాలకూ ఉన్న అడ్డకొయ్యలు బయటినుంచే స్పష్టంగా తెలుస్తాయి. స్టార్ ఆఫ్ ఇండియాకు మొదట్లో ఉన్న అమరిక ఇదే. ఇరవై నిమిషాలు అలా చూసి, చేతులు మొద్దుబారకముందే ఫుల్టన్ వీధిలోని మ్యూజియం భవనంలోకి వెళ్లి మిగతా ప్రదర్శన వెచ్చగా చూడండి.